కె. విశ్వనాథ్ ఉత్తమ చిత్రం ఏదో చర్చించి తేల్చడం ఎలా?

కె. విశ్వనాథ్ గారి సినిమాల్లో ఏది గొప్పదన్న చర్చ తెలుగు ఇళ్లలో ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. అయితే చాలా చోట్ల అది కాసేపటికే ఎవరికి ఏ పాట ఇష్టమో చెప్పుకునే కబుర్లుగా మారిపోతుంది. అలా కాకూడదనుకునేవారు ఈ పద్ధతిని పాటించాలి.

చర్చకు నలుగురికి మించి కూర్చోకూడదు. పోటీలో ఉన్న సినిమాలను ఈ మధ్యకాలంలో మొదటి నుంచి చివరి దాకా చూసినవారే మాట్లాడాలి. యూట్యూబ్‌లో ముక్కలు చూసినవారు వింటే చాలు. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టాలి.

పోటీకి మూడు సినిమాలనే తీసుకోవాలి. అవి ‘శంకరాభరణం’ (1980), ‘సాగరసంగమం’ (1983), ‘స్వాతికిరణం’ (1992). ‘స్వాతిముత్యం’ భారతదేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది కదా అని ఎవరైనా అడుగుతారు. ఎంపిక సంఘాల నిర్ణయాన్ని మన నిర్ణయంగా అరువు తెచ్చుకోకూడదు.

ఇక అసలు కష్టం పాటను దర్శకత్వం నుంచి వేరు చేసి చూడటంలో ఉంది. తొందరపడితే చర్చ మొత్తం ఇక్కడే చెడిపోతుంది. జాతీయ పురస్కారాలనే చూడండి: ‘శంకరాభరణం’ పొందిన నాలుగింటిలో మూడు సంగీత దర్శకుడికి, గాయకుడికి, గాయనికి దక్కాయి, ‘సాగరసంగమం’ పొందిన రెండూ సంగీతానికి, గానానికి వచ్చినవే, ‘స్వాతికిరణం’ పురస్కారం కూడా గాయనిదే. మహదేవన్, ఇళయరాజా, వేటూరి, ఎస్.పి. బాలు, వాణీ జయరామ్ గార్లకు చెందవలసిన కీర్తిని తీసి దర్శకుడి ఖాతాలో వేస్తే అది ఇద్దరికీ అన్యాయమే.

అలాగని పాటలను పూర్తిగా పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే విశ్వనాథ్ గారు కథలోని మలుపులను చాలాసార్లు పాటలోనే పెడతారు. ‘శంకరాభరణం’లో సాధన చేస్తున్న శారద మనసు చెదిరి స్వరం తప్పగానే తండ్రి గద్దిస్తాడు. అక్కడ రాగం, గానం ఇతరులవే; కానీ ఒక పిల్ల ప్రేమలో పడిందని మాటలతో కాకుండా తప్పిన స్వరంతో చెప్పాలన్న ఆలోచన దర్శకుడిది. కాబట్టి ప్రతి సన్నివేశానికీ ఒకే ప్రశ్న వేయాలి: పాటను విడిగా రేడియోలో విన్నప్పుడు కూడా ఈ అనుభూతి మిగులుతుందా? మిగిలితే ఆ ఘనత సంగీతానిది, మిగలకపోతే దర్శకుడిది. ఈ ప్రశ్నకు జవాబు రాకుండా ఎవరినీ తరువాతి సన్నివేశానికి వెళ్లనివ్వకూడదు, ఎంత విసుగొచ్చినా సరే.

ఆపైన ప్రతి ఒక్కరూ పాట లేని ఒక సన్నివేశం చెప్పాలి. ‘సాగరసంగమం’ పక్షం వహించేవారికి పని సులువు: నృత్యోత్సవ ఆహ్వానపత్రంలో మహా కళాకారుల ఫొటోలను భక్తితో చూస్తూ పేజీలు తిప్పుతున్న కథానాయకుడు బాలుకు (కమల్ హాసన్ పాత్ర) హఠాత్తుగా తన ఫొటో కనిపించే ఘట్టం ఒక్కటి చాలు.

మార్కులు వేసి కూడికలు చేసే పద్ధతి కొందరికి ఇష్టం. నటనకు పది, కథకు పది అని పంచితే ఏ తప్పూ లేని సినిమా గెలుస్తుంది, సాహసం చేసిన సినిమా ఓడిపోతుంది. మాటలతో వాదించి తేల్చుకునే పద్ధతిలో ఆ నష్టం ఉండదు.

చివరికి రెండు సినిమాలు సమానంగా నిలిస్తే, దర్శకుడు తన నమ్మకాన్నే పరీక్షకు పెట్టిన సినిమాకు ఓటు వేయాలి. గురువును దైవంగా నిలిపిన ‘శంకరాభరణం’ వచ్చిన పన్నెండేళ్లకు, శిష్యుడైన పసివాడి ప్రతిభ చూసి ఓర్వలేక కుమిలిపోయే గురువును ఆయనే ‘స్వాతికిరణం’లో చూపించారు. లోకం కాళ్లకు మొక్కే విద్వాంసుడిలోని ఈర్ష్యను, దాని వల్ల ఒక బిడ్డ ప్రాణం పోవడాన్ని అంత నిర్మొహమాటంగా చూపడానికి చాలా ధైర్యం కావాలి. అందుకే నా ఓటు దానికి. కాదనేవారు ‘సాగరసంగమం’లో విశ్వనాథ్ గారు తన నమ్మకాన్ని ఎక్కడ ప్రశ్నించుకున్నారో ముందు చూపించాలి.