పరంజా ఎక్కే ముందు చూసుకోవలసినవి

తిరుపతిలో కరకంబాడి రోడ్డు వెంట లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర హెల్మెట్లు తరచుగా సామాన్ల గదిలో మేకుకు వేలాడుతుంటాయి. మే నెల ఎండకు తల ఉడికిపోతుందని కూలీలు చెప్పే కారణం అబద్ధం కాదు గనుక, మేస్త్రీ వారిని కసరుకునే కన్నా గాలి రంధ్రాలున్న లేత రంగు హెల్మెట్లు తెప్పించడం మేలు; కరెంటు పనివారికి మాత్రం రంధ్రాలు లేనివే ఇవ్వాలి.

కొనేటప్పుడు, పనిచోట వాడే హెల్మెట్లకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2925 గుర్తు చూడాలి. దెబ్బ బలాన్ని తగ్గించడంలో పైడొప్పతో పాటు లోపలి పట్టీల అల్లికకూ పెద్ద పాత్ర ఉంది కాబట్టి, ఆ రెంటి నడుమ ఖాళీలో తువ్వాలో బీడీకట్టో దాచుకుంటే, పైనుంచి పడిన ఇటుక దెబ్బ నేరుగా నెత్తికి చేరుతుంది. గడ్డం పట్టీ బిగించకపోతే వంగగానే హెల్మెట్ జారిపోతుంది.

ఎత్తులో పనిచేసేవారికి నడుము బెల్టు చాలదు, భుజాలనూ తొడలనూ పట్టి ఉంచే హార్నెస్ కావాలి. దాని కొక్కేన్ని పరంజాకు కట్టిన సరుగుడు కర్రకు కాక, గట్టిపడిన కాంక్రీటు దూలానికి, వీలైనంతవరకు తలకన్నా ఎత్తులో తగిలించాలి. ఒకసారి మనిషిని పడకుండా ఆపిన హార్నెస్‌ను, చూపుకు బాగున్నా, మళ్ళీ వాడకూడదు.

సిమెంటు కలిపేవారికి గుడ్డ గ్లౌజులు ఇవ్వకండి. అవి తడిసి, చర్మాన్ని కాల్చే సిమెంటు నీటిని చేతికే అంటిపెట్టి ఉంచుతాయి. రబ్బరు గ్లౌజులు, గమ్‌బూట్లు ఇచ్చి, చేతులు కడుక్కోవడానికి మంచినీళ్ళ బకెట్ వేరుగా పెట్టండి.