మడత షర్టుల ప్యాకింగ్: వాపసు వచ్చిన పీసులో ఏం చూడాలి?

వరంగల్ చౌరస్తా షాపుకో, జమ్మికుంట, పరకాల షాపులకో పంపిన షర్టులు వాపసు వస్తే ముందు కుట్టు మీదే అనుమానపడతాం. చాలాసార్లు కుట్టులో ఏమీ ఉండదు, తేడా ప్యాకింగ్ టేబుల్ దగ్గరే జరిగి ఉంటుంది. అందుకే వచ్చిన పీసును వెంటనే ఉతికించొద్దు. కవర్‌తో సహా వెలుతురులో పెట్టి, మరక ఎక్కడుందో చూడండి.

తెల్ల షర్టు మడతల దగ్గర పసుపెక్కింది

అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ప్యాక్ చేసినప్పుడు తెల్లగానే ఉంటుంది. గోదాములో కొన్ని వారాలు ఉండేసరికి మడత అంచుల వెంట, కవర్ మూతి దగ్గర పసుపు చార వస్తుంది. మడత విప్పితే లోపల మాత్రం తెల్లగానే ఉంటుంది. నూనె మరకో చెమట మరకో అయితే ఇలా అంచులు పట్టుకుని రాదు.

కారణం కవర్‌లో ఉంటుంది. ప్లాస్టిక్ పాడవకుండా కొన్ని పాలిథిన్ కవర్లలో బీహెచ్‌టీ అనే రసాయనం కలుపుతారు. అది మెల్లగా బట్టలోకి చేరుతుంది. బండ్ల పొగలో, జనరేటర్ పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు తగిలితే అదే పసుపుగా మారుతుంది. ఫినిషింగ్ తర్వాత బట్టలో క్షారం మిగిలి ఉంటే రంగు ఇంకా తేలుతుంది.

ఒక పీసును ఎండలో ఆరేయండి. పసుపు తగ్గితే కారణం దాదాపు ఇదే. నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచినా తగ్గుతుంది. అయితే పాత కవర్‌లోనే మళ్లీ పెడితే మళ్లీ వస్తుంది. బీహెచ్‌టీ లేని కవర్లే కావాలని ఆర్డరు కాగితం మీద రాయించండి, నోటిమాటకు విలువుండదు. లోడింగ్ అయ్యేదాకా ఆటో ట్రాలీ ఇంజిన్ ఆపించండి. డ్రైవర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

పసుపు వీపు భాగంలో, షర్టు మడతలో పెట్టే అట్ట ఆకారంలోనే ఉంటే తప్పు అట్టది. రీసైకిల్ అట్టకు బూడిద రంగు వైపు ఎప్పుడూ బట్టకు ఆనకూడదు.

కవర్ తెరవగానే ముక్కిన వాసన

వానాకాలం సరుకులో ఇది ఎక్కువ. ఆవిరి ఇస్త్రీ చేసిన షర్టును వేడి మీదే కవర్‌లో పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, తర్వాత బూజు చుక్కలు పడతాయి. ఇస్త్రీ అయిన పీసులను ర్యాక్ మీద చల్లారనివ్వాలి. పైపైన తాకి చూస్తే తెలియదు. కాలర్ పట్టీ కింద వేలు పెట్టి చూడండి, అన్నిటికంటే మందంగా ఉండేది అక్కడే, చివరికి ఆరేదీ అదే. సిలికా జెల్ పొట్లం వేస్తే సరిపోతుందని కొందరంటారు. తడి షర్టును అది ఆరబెట్టలేదు. డబ్బాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి.

మడతల్లో తుప్పు చుక్క కనిపిస్తే గుండుసూదిని అనుమానించండి. ప్లాస్టిక్ క్లిప్పులకు మారితే ఆ గొడవ ఉండదు, కొన్నవాళ్ల వేళ్లకూ గుచ్చుకోదు.

కాలర్ నలిగింది

లోపలి ప్లాస్టిక్ పట్టీ గానీ, ముందు కాలర్ గుండీ దగ్గర పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క (బటర్‌ఫ్లై) గానీ లేకపోవడం ఒక కారణం. రెండూ ఉన్నా నలిగిందంటే డబ్బాలో కాలర్లన్నీ ఒకే వైపు పేర్చారన్నమాట. ఒకటి అటు, ఒకటి ఇటు పెడితే బరువు సమంగా పడుతుంది.

సైజు సరిపోలేదని వాపసు

కవర్ మీద 42, లోపల 40 ఉంటే, స్టిక్కర్లు ముందే అంటించిన కవర్లు టేబుల్ మీద కలిసిపోయాయని అర్థం. ఒక సైజు పూర్తయి టేబుల్ ఖాళీ అయ్యాకే ఇంకో సైజు తేవాలి. కాలర్ లోపలి సైజు లేబుల్ కవర్ బయటికి కనిపించేలా మడిస్తే షాపులో కూడా పట్టేస్తారు.

ఒక్కోసారి స్టిక్కర్ సరిగ్గానే ఉంటుంది. 40 అంటే కొందరికి కాలర్ 40 సెంటీమీటర్లు, ఇంకొందరికి ఛాతీ 40 అంగుళాలు, అంటే సుమారు 102 సెంటీమీటర్లు. ఏది కొలతో స్టిక్కర్ మీద సెంటీమీటర్లలో రాయండి.

బార్‌కోడ్ స్కాన్ కావడం లేదు

రిబ్బన్ (సిరా పట్టీ) లేకుండా వేడితోనే ప్రింటయ్యే థర్మల్ స్టిక్కర్ ఎండకు, రేకుల షెడ్డు వేడికి పాడవుతుంది. రిబ్బన్ ప్రింట్ నిలుస్తుంది. ప్రింట్ బాగున్నా చదవకపోతే స్టిక్కర్ కవర్ ముడత మీద పడిందేమో చూడండి. అట్ట ఆనుకున్న చదునైన చోట అంటించండి.

ఎమ్మార్పీ స్టిక్కర్ మీద అభ్యంతరం

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాక్ మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా, సరుకు పేరు, ఎన్ని పీసులు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలి. పండుగ తగ్గింపు ధరకు స్టిక్కర్ వేయొచ్చు గానీ అసలు ఎమ్మార్పీని కప్పకూడదు. పక్కనే అంటించండి. పాత ధర మీద ఎక్కువ ధర స్టిక్కర్ వేయడానికి మాత్రం వీల్లేదు.