చలికాలపు గ్రీన్‌హౌస్‌లో పొట్టి టమాటా

అమెరికా, కెనడాల్లో మంచు పడే ఊళ్ళలో ఉన్నా పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ ఉంటే డిసెంబరులోనూ చారులోకి ఇంటి టమాటాలు కోసుకోవచ్చు. గింజలు సెప్టెంబరు మొదట్లో నాటాలి. పగళ్ళు బాగా చిన్నవయ్యేలోపు మొక్క ఎదిగి పూతకు రావాలి మరి.

మైక్రో టామ్ అనే పొట్టి రకం జానెడు ఎత్తే పెరుగుతుంది, 2 లీటర్ల కుండీ చాలు. రెడ్ రాబిన్‌కూ, న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం 1945లో విడుదల చేసిన టైనీ టిమ్‌కూ 5 నుంచి 8 లీటర్లు కావాలి. ప్యాకెట్ మీద ‘డ్వార్ఫ్’ (పొట్టి) అని ఉన్నా కొన్ని రకాలు మూడు నాలుగు అడుగులు పెరుగుతాయి, వాటికి 20 లీటర్లకు తగ్గకూడదు.

కొబ్బరి పొట్టు రెండు వంతులు, పర్లైట్ (మిశ్రమాన్ని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి పలుకులు) ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు కలపండి. తోటమట్టి వద్దు. చలికి తడి ఆరక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుండీని సిమెంటు నేల మీద కాకుండా బల్ల మీదో థర్మోకోల్ షీటు మీదో పెట్టాలి. ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగితే చాలామంది ఎరువు పోస్తారు. చాలాసార్లు లోపం ఎరువులో కాదు, చల్లబడిన వేళ్ళు భాస్వరాన్ని తీసుకోలేకపోవడంలో ఉంటుంది. వేళ్ళ దగ్గర 15 డిగ్రీలకు తగ్గనివ్వకండి.

పగలు 21–26, రాత్రి 16–18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. రాత్రులు 13 కంటే దిగితే పుప్పొడి సరిగా తయారుకాదు, పూత రాలుతుంది. థర్మోస్టాట్ ఉన్న ఎలక్ట్రిక్ హీటరే మంచిది. పొగగొట్టం లేని కిరోసిన్, గ్యాస్ హీటర్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూతను రాల్చేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ మనుషులకే ప్రమాదం.

ఎండా, ఎల్ఈడీ కలిపి రోజుకు 14–16 గంటల వెలుతురు ఇవ్వండి. రాత్రంతా లైటు వేసి ఉంచితే ఇంకా బాగా కాస్తుందనుకోవద్దు, టమాటాకు చీకటి లేకపోతే ఆకులు పసుపుబారి పాడవుతాయి.

అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసే పని పూలను కదపడం. లోపల గాలీ ఉండదు, తేనెటీగలూ ఉండవు. రేకలు వెనక్కి ముడుచుకున్న పూలను చూసుకుని, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనుక భాగాన్ని గుత్తి కాడకు రెండు మూడు సెకన్లు ఆనించండి. పసుపు పొడి రాలుతూ కనిపిస్తుంది. రోజు విడిచి రోజు చేయాలి. తేమ 80 శాతం దాటితే పుప్పొడి ముద్దకట్టి రాలదు, కాబట్టి ముందుగా పావుగంట కిటికీ తెరవండి. పూకాడ మధ్యలోని కణుపు పసుపుబారిందంటే ఆ పువ్వు నిలవదు.

నీళ్ళు తేదీ చూసి కాదు, కుండీ ఎత్తి చూసి పోయండి. తేలికైతే పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచినవి పారబోయండి. ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచితే కాల్షియం కాయదాకా చేరక కాయ అడుగు నల్లబడుతుంది. అప్పటికప్పుడు గుడ్డుపెంకులు వేసినా లాభం లేదు. మొదటి గుత్తి పిందె కట్టాక వారానికోసారి టమాటా ఎరువు, లేబుల్ చెప్పినదానిలో సగం.

పక్క కొమ్మలు గిల్లకండి, ఈ పొట్టి రకాలు వాటి మీదే కాస్తాయి. మట్టికి తగిలే ఆకులు మాత్రం తీసేయండి, లేకపోతే బూడిదరంగు బూజు పడుతుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు ఆకుల ఎత్తులో కట్టండి.

కాయ రంగు తిరగ్గానే కోసి వంటింట్లో ఉంచితే చక్కగా పండుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది.