రిక్రూటర్ మీ రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్ తగ్గించి రాసుకుంటే ఏం చేయాలి?

"టోటల్ ఎంతండీ? రిలవెంట్ ఎంత?" ఐటీ ఉద్యోగాల కాల్స్‌లో మొదట్లోనే వచ్చే ప్రశ్నలివి. టోటల్ అంటే మొత్తం అనుభవం, రిలవెంట్ అంటే అందులో ఆ ఉద్యోగానికి పనికొచ్చేది. మీరు చెప్పిన అంకె రిక్రూటర్ ఎక్సెల్ ట్రాకర్‌లో కరెంట్ సీటీసీ (ఇప్పటి వార్షిక జీతం ప్యాకేజీ), నోటీస్ పీరియడ్ పక్క గడిలోకి వెళ్తుంది. హైరింగ్ మేనేజర్ చాలాసార్లు రెజ్యూమె కంటే ముందు చూసేది ఆ వరుసనే. అక్కడ మూడేళ్లు కాస్తా రెండేళ్లయితే ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లరు, వెళ్లినా ఆఫర్ తగ్గుతుంది.

ఈ తేడా ఎక్కువగా దురుద్దేశంతో వచ్చేది కాదు. రిక్రూటర్ జేడీ (ఉద్యోగ వివరణ)లోని పదాలను మీ రెజ్యూమెలో వెతుకుతారు. అవి ఆఖరి ప్రాజెక్టులోనే కనిపిస్తే ఆ ప్రాజెక్టు కాలాన్నే లెక్కేస్తారు. డిజిగ్నేషన్‌లో "సపోర్ట్" అని ఉంటే, మీరు కోడ్ రాసినా ఆ కాలం మొత్తం కొట్టేస్తారు.

కాబట్టి ముందు వాదించకండి, అడగండి: "మేడమ్, రెండేళ్లు అని ఏ స్కిల్ మీద లెక్కేశారు? ఏ ప్రాజెక్టు వదిలేశారు?" జవాబు విన్నాక నెలల లెక్క చెప్పండి. అది ముందే రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు 5 ఏళ్ల 4 నెలల టెస్టర్‌కి మొత్తం 64 నెలలు. ట్రైనింగ్, బెంచ్ (ప్రాజెక్టు లేని కాలం) కలిపి 4, మాన్యువల్ టెస్టింగ్ 22, జావాతో సెలీనియం (ఆటోమేషన్ టెస్టింగ్ టూల్) 26, ఏపీఐ ఆటోమేషన్ 12. ఆటోమేషన్ ఉద్యోగానికి రిలవెంట్ 26, 12 కలిపి 38 నెలలు, అంటే 3 ఏళ్ల 2 నెలలు. ఒకే నెలల్లో రెండు పనులూ చేసి ఉంటే ఆ నెలలను రెండుసార్లు కలపకూడదు. ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు, ఎందుకంటే ఇంటర్వ్యూ ప్యానెల్ తేదీలు అడగ్గానే మొత్తం సర్వీసు కంటే స్కిల్స్ కాలం ఎక్కువ తేలుతుంది.

ఫోన్లో ఒప్పుకున్నా సరే, అదే రోజు మెయిల్ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు:

"మనం మాట్లాడుకున్న ప్రకారం ఆటోమేషన్‌లో నా రిలవెంట్ అనుభవం 3 ఏళ్ల 2 నెలలు. ఇందులో సెలీనియం 26 నెలలు, ఏపీఐ ఆటోమేషన్ 12 నెలలు. మొదటి ప్రాజెక్టులో నా హోదా సపోర్ట్ అని ఉన్నా, చివరి 8 నెలలు రిగ్రెషన్ స్క్రిప్టులు రాశాను, అవి పై 26లోనే ఉన్నాయి. ప్రొఫైల్ సబ్మిట్ చేసే ముందు ఈ అంకె సరిచేయగలరు."

"సబ్మిట్ చేసే ముందు" అన్న మాట తప్పకుండా ఉండాలి. కన్సల్టెన్సీ ద్వారా ప్రొఫైల్ ఒకసారి వెళ్లాక, అదే కంపెనీకి మరో దారిలో పంపితే డూప్లికేట్ అని తిరిగి రావచ్చు. ప్రొఫైల్ పంపడానికి వాళ్లు అడిగే కన్సెంట్ (అనుమతి) మెయిల్‌లోనూ ఈ అంకె రాయండి.

రెజ్యూమె కూడా సరిచేయాలి. ప్రతి ప్రాజెక్టు కింద నెల, సంవత్సరం, వాడిన టూల్స్ విడిగా రాయండి. నౌక్రీ ప్రొఫైల్‌లో ఒక్కో ఐటీ స్కిల్‌కీ ఏళ్లు, నెలలు నింపే చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పాత స్కిల్‌కే కాల్స్ వస్తూంటాయి.

ఉద్యోగానికి 5 ఏళ్ల రిలవెంట్ కావాలని గట్టిగా అంటే మీ అంకెను సాగదీయకండి, ఒక మెట్టు కింద ఓపెనింగ్ ఉందా అని అడగండి. జీతం టోటల్ మీద ఇస్తారా, రిలవెంట్ మీదా అన్నది కూడా ఆ కాల్‌లోనే తేల్చుకోండి. ఆఫర్ వచ్చాక ఆ మాట ఎత్తితే బేరానికి చోటు తక్కువ.

కొందరు రిక్రూటర్లు "ఐదేళ్లని పెట్టేయండి, మేం చూసుకుంటాం" అంటారు. వద్దనండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్) సర్వీస్ హిస్టరీ అడిగితే ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) రికార్డులో కనిపిస్తుంది. చేరిన తర్వాత బయటపడినా పోయేది మీ ఉద్యోగమే. "నా రెజ్యూమెలో తేదీలు మార్చి పంపడానికి నా అనుమతి లేదు" అని మెయిల్‌లోనే రాసి పంపండి.