గుడ్లు పెట్టే కౌజు పిట్టలు: దాణాలో అమైనో ఆమ్లాలు తక్కువైనప్పుడు

సమస్య: గుడ్ల సంఖ్య తగ్గలేదు, గుడ్డు మాత్రం చిన్నదవుతోంది.

కారణం: 10 నుంచి 12 గ్రాములు తూగవలసిన గుడ్డు 9 గ్రాములకు దిగిందంటే ముందుగా అనుమానించవలసింది మిథియోనిన్ లోపాన్నే; మొక్కజొన్న, సోయా చెక్కలతో తయారైన దాణాలో అన్నిటికంటే ముందు కొరవడేది మాంసకృత్తుల్లో భాగమైన ఈ అమైనో ఆమ్లమే. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం గుడ్లు పెట్టే జపనీస్ కౌజుల దాణాలో మాంసకృత్తులు 20 శాతం, లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం 1.0 శాతం, మిథియోనిన్ 0.45 శాతం ఉండాలి. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాలో మాంసకృత్తులు ఇంతకంటే తక్కువ కనుక, దానినే కౌజులకు వేయడం సరికాదు.

సంచి మీద శాతం సరిగ్గానే ఉన్నా లోపం రావచ్చు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. రోజుకు 25 గ్రాములు తినే పిట్టకు 0.45 శాతం చొప్పున సుమారు 112 మిల్లీగ్రాముల మిథియోనిన్ అందుతుంది. ఎండ వేడికి మేత 20 గ్రాములకు పడిపోతే అదే దాణా నుంచి అందేది 90 మిల్లీగ్రాములే.

పరిష్కారం: వారంపాటు వేసిన దాణానూ మిగిలిన దాణానూ తూచి, ఒక్కో పిట్ట ఎంత తింటున్నదో తేల్చుకోవాలి. లోటు 0.10 శాతమైతే క్వింటాలు దాణాకు 100 గ్రాముల డీఎల్-మిథియోనిన్ చాలు. ఇంత కొద్ది పొడిని నేరుగా గుట్టలో చల్లితే సమంగా కలవదు కనుక, ముందు కిలో దాణాలో, తరువాత పది కిలోలలో, చివరకు మొత్తంలో కలపాలి. అంచనా మీద ఎక్కువ వేయకండి. మితిమీరిన మిథియోనిన్ పిట్టల మేతనే తగ్గించి హాని చేస్తుంది.

సమస్య: మాంసకృత్తుల శాతం సరిగ్గానే ఉన్నా గుడ్ల సంఖ్య, బరువు రెండూ పడిపోయాయి.

కారణం: సోయాకు బదులు వేరుశనగ చెక్క, పొద్దుతిరుగుడు చెక్క ఎక్కువగా వేస్తే లైసిన్ కొరవడుతుంది. సోయా చెక్క అతిగా వేడెక్కి ముదురు గోధుమరంగుకు తిరిగినా అంతే: లైసిన్ చక్కెరలతో బంధం ఏర్పరచుకుని, పరీక్షలో మాంసకృత్తుల లెక్కకు వస్తుంది గాని పిట్టకు ఉపయోగపడదు.

పరిష్కారం: చెక్కను మార్చడమే మేలు. అది వీలుకానప్పుడు ఎల్-లైసిన్ హైడ్రోక్లోరైడ్ కలపవచ్చు. ఇందులో లైసిన్ సుమారు 78 శాతమే కాబట్టి, 0.10 శాతం లోటుకు క్వింటాలుకు 128 గ్రాములు కావాలి.

సమస్య: పెంకు పలచబడింది.

దీనికి ముందుగా చూడవలసింది అమైనో ఆమ్లాలను కాదు, కాల్షియాన్ని. అది దాణాలో కనీసం 2.5 శాతం ఉండాలి.