విజయవాడ–గుంటూరు రగ్బీ సిరీస్‌ను నిలబెట్టడం ఎలా?

విజయవాడ, గుంటూరు జట్ల మధ్య ఏటా రగ్బీ సిరీస్ జరపాలనుకునేవారు మైదానం కంటే ముందు ఎంపిక నియమాన్ని తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ జట్లు పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌లో 1882లోనే తలపడినా, ఆ పోరుకు అసలైన ఊపునిచ్చిన సూత్రం పక్క ఆటైన, పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్‌లో దొరికింది. ఏ రాష్ట్రపు క్లబ్బుకు ఆడితే ఆ రాష్ట్రం తరఫునే దిగాలన్న పాత పద్ధతి వల్ల, సిడ్నీ క్లబ్బులకు వెళ్లిన క్వీన్స్‌లాండ్ ఆటగాళ్లు సొంత రాష్ట్రం మీదే ఆడవలసి వచ్చేది. 1980 జులై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో సొంతగడ్డ (తొలిసారి ఆడిన రాష్ట్రం) ప్రాతిపదికన జట్లను దింపగా, ఆర్థర్ బీట్సన్ నాయకత్వంలో క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది. 1982 నుంచి అది మూడు మ్యాచ్‌ల సిరీస్‌గా స్థిరపడింది.

మనమూ అదే పాటించాలి. తెనాలి బడిలో ఆట నేర్చుకుని విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు గుంటూరుకే ఆడాలి. ఇందుకు ఆటగాడి పేరు, తొలిసారి ఆడిన బడి, సంవత్సరం, అక్కడి పీఈటీ సంతకం ఉన్న రిజిస్టరును సిరీస్‌కు ముందే ఇరుపక్షాలూ చూసి ఒప్పుకోవాలి. మ్యాచ్ రోజున పుట్టే తగాదా ఎంత మంచి ఆటనైనా చెడగొడుతుంది.

పదిహేను మంది చొప్పున దొరకకపోతే ఏడుగురి ఆటతో మొదలుపెట్టవచ్చు. మొదటి మ్యాచ్‌కు విజయవాడ ఇందిరా గాంధీ స్టేడియాన్ని, రెండోదానికి గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియాన్ని అడగండి, మూడోదాన్ని ఏటా మార్చండి. గట్టి నేల మీద ట్యాకిల్ (బంతి పట్టుకున్న ఆటగాణ్ని పట్టి పడేయడం) ప్రమాదకరం కనుక ముందురోజే నీళ్లు పెట్టించాలి. ఎండాకాలం వద్దు, సంక్రాంతి సెలవులు మేలు.