ప్రేమ కోసం ఫెంగ్‌షుయ్: ముందు మంచం సర్దండి, బాతుల బొమ్మలు తర్వాత

ఫెంగ్‌షుయ్ అనగానే చాలామంది దుకాణానికి వెళ్లి లాఫింగ్ బుద్ధనో, నోట్లో నాణెం కరుచుకున్న మూడుకాళ్ల కప్పనో తెచ్చుకుంటారు. ఆ రెండూ సిరిసంపదల కోసం పెట్టేవి. దాంపత్యానికీ, పెళ్లి సంబంధాలకీ ఇంటి అమరికను చెప్పే ఈ చైనా విద్యలో వేరే లెక్క ఉంది. అందులో ఎనభై పాళ్లు మంచం చుట్టూనే తిరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి పని దిక్కు సరిగ్గా తెలుసుకోవడం. ఇంటి ప్లాను కాగితం మీద కొలతల ప్రకారం గీసి, మూల నుంచి మూలకు రెండు గీతలు కొట్టండి. అవి కలిసేచోటే ఇంటి నడిబొడ్డు. అక్కడ నిలబడి దిక్సూచి చూడండి. ఫోన్ దిక్సూచి అయితే అయస్కాంతం ఉన్న కవరు తీసేయాలి. ఇనుప బీరువాకు, ఫ్రిజ్‌కు కనీసం నాలుగడుగుల దూరం ఉండాలి. మూడుసార్లు చూసి, మూడూ దగ్గరగా వస్తేనే నమ్మండి. ఫెంగ్‌షుయ్ వాడేది అయస్కాంత ఉత్తరాన్ని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దీనికీ అసలు ఉత్తరానికీ తేడా నామమాత్రం. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఉన్నవాళ్లకు మాత్రం సుమారు 13 డిగ్రీలు తేడా వస్తుంది, కాబట్టి ఫోన్ సెట్టింగుల్లో ఏ ఉత్తరం ఎంచుకుని ఉందో చూసుకోవాలి.

202.5 నుంచి 247.5 డిగ్రీల మధ్య ఉన్న భాగం నైరుతి. ఎనిమిది త్రిరేఖల్లో, అంటే మూడేసి గీతల చైనా గుర్తుల్లో, 'కున్' అనేది ఇక్కడ ఉంటుంది. మూడూ విరిగిన గీతలే. భూమికి, తల్లికి, అనుబంధానికి గుర్తు. మన వాస్తు కూడా నైరుతి బరువుగా ఉండాలనీ, ఇంటి యజమాని పడకగది అక్కడే ఉండాలనీ అంటుంది. రెండు విద్యలూ ఇంత చక్కగా కలిసే చోటు ఇంకొకటి లేదు. ఆ మూల చీకటిగా ఉన్నా, విరిగిన సామాన్ల కొట్టుగా మారినా ముందు దాన్నే శుభ్రం చేయాలి.

దిక్సూచితో పనిలేని పద్ధతి ఒకటి ఉంది. లిన్ యున్ అనే గురువు అమెరికాలో ప్రచారం చేసిన బ్లాక్ హ్యాట్ సంప్రదాయం అది. అందులో గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే దూరంగా కనిపించే కుడిచేతి మూలే అనుబంధాల స్థానం. రెంటిలో ఏది పట్టుకున్నా ఫర్వాలేదు గానీ, ఒకదాన్నే పట్టుకోండి. ఈ మూలలో ఒకటీ, ఆ మూలలో ఒకటీ పెట్టి రెండూ కలిపితే ఏ మూలలో ఏ ధాతువు (భూమి, నిప్పు, చెట్టు, లోహం, నీరు అనే అయిదింటిలో ఒకటి) ఉండాలో లెక్కే తప్పిపోతుంది. ఈ వ్యాసం దిక్సూచి పద్ధతినే అనుసరిస్తుంది.

మంచం

తలవైపు గట్టి గోడ ఉండాలి. కిటికీ కింద తల పెట్టకూడదు, గోడకు అవతల బాత్రూమ్ కమోడ్ ఉంటే అక్కడా వద్దు. మంచం మీద పడుకుంటే తలుపు కనిపించాలి, కానీ కాళ్లు నేరుగా తలుపుకు ఎదురుగా ఉండకూడదు. చైనాలో శవాన్ని కాళ్లు ముందుగా గుమ్మం దాటిస్తారని దాన్ని మృత్యుస్థితి అంటారు. తలుపుకు ఐమూలగా ఉండే చోటు అన్నిటికంటే మంచిది.

తర్వాత పైకి చూడండి. దూలం మంచం మధ్యగా పోతే ఇద్దరి మధ్యా గీత గీసినట్టు. మన ఇళ్లలో అంతకంటే ఎక్కువగా కనిపించేది అటక. పాత బిందెలు, సూట్‌కేసులు నింపిన అటక సరిగ్గా తలల మీద వేలాడుతూ ఉంటుంది. మంచం జరపడానికి వీల్లేకపోతే అటక ఖాళీ చేయండి, కనీసం పరుపులూ దుప్పట్లూ మాత్రమే ఉంచండి.

పదడుగుల గదిలో ఆరడుగుల వెడల్పు మంచం వేస్తే నాలుగడుగులు మిగులుతుంది. అటు రెండు, ఇటు రెండు అడుగులు వదలాలి. మంచాన్ని గోడకు ఆనించేస్తే ఒకరు ఇంకొకరిని దాటి దిగాల్సి వస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్లు ఇలా చేస్తే రెండో మనిషికి చోటే లేదని ఇల్లు చెబుతున్నట్టు లెక్క. రెండు పక్కలా ఒకే ఎత్తు చిన్న బల్లలు, ఒకే రకం దీపాలు పెట్టండి. ఒకవైపు బల్ల, మరోవైపు ప్లాస్టిక్ స్టూలు అయితే జంట కుదరదు.

రెండు సింగిల్ మంచాలు కలిపి వాడేవాళ్లు ఆ సందు సంగతి పట్టించుకోరు. రెండు కాళ్లు తాడుతో కట్టేసినా సరిపోదు. పైన 72 అంగుళాల వెడల్పున్న ఒకే పరుపు వేయాలి. అది కుదరకపోతే రెండు పరుపుల మీదా ఒకే ఎర్రని దుప్పటి పరిచి, దాని మీద మామూలు దుప్పటి వేయండి.

బీరువా అద్దం మంచానికి ఎదురుగా ఉండటం దాదాపు ప్రతి ఇంట్లో కనిపించే దోషం. అద్దంలో దంపతుల పక్కన ఇంకో జంట కనబడుతుంది కనుక మూడో మనిషి ప్రవేశానికి సూచన అంటారు. బీరువాను మంచం తల ఆనిన గోడకే జరపండి, లేదంటే అద్దం మీద రాత్రిపూట తెర వేయండి. ఆపేసిన టీవీ తెర కూడా అద్దమే. మంచం కింది అరల్లో పాత ప్రేమలేఖలు, తెగిపోయిన సంబంధాల ఫొటోలు, పాడైపోయిన ఇస్త్రీపెట్టెలు ఉంచొద్దు.

తల ఏ దిక్కుకు?

దీనికి ముందు మీ క్వా సంఖ్య, అంటే పుట్టిన ఏడాదిని బట్టి మంచి దిక్కులు చెప్పే అంకె, కనుక్కోవాలి. పుట్టిన ఏడాదిలో చివరి రెండంకెలు కూడి ఒక్క అంకె చేయండి. 2000కు ముందు పుట్టిన మగవాళ్లు దాన్ని 10 లోంచి తీసేయాలి, ఆడవాళ్లు 5 కలపాలి. 2000 నుంచి పుట్టినవాళ్లకు ఆ సంఖ్యలు 9, 6. మళ్లీ ఒక్క అంకె చేస్తే వచ్చేదే క్వా సంఖ్య. 5 వస్తే మగవాళ్లకు 2, ఆడవాళ్లకు 8. ఫిబ్రవరి 4కు ముందు పుట్టినవాళ్లు అంతకు ముందటి ఏడాది తీసుకోవాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఉదాహరణకు 1992 జూన్‌లో పుట్టిన అబ్బాయి: 9+2=11, 1+1=2, 10−2=8. 1995 ఆగస్టులో పుట్టిన అమ్మాయి: 9+5=14, 1+4=5, 5+5=10, అంటే 1.

అనుబంధాలకు మంచిదనే దిక్కును యాన్‌నియెన్ అంటారు. క్వా 1కి దక్షిణం, 2కి వాయవ్యం, 3కి ఆగ్నేయం, 4కి తూర్పు, 6కి నైరుతి, 7కి ఈశాన్యం, 8కి పడమర, 9కి ఉత్తరం. ఇవి ఊరికే ఇచ్చినవి కావు. ప్రతి క్వా సంఖ్యకూ ఒక త్రిరేఖ ఉంటుంది. అందులో నిండు గీతను విరిగినదిగా, విరిగినదాన్ని నిండుగా మారిస్తే వచ్చే త్రిరేఖ దిక్కే దాని యాన్‌నియెన్. త్రిరేఖలను ఒక కుటుంబంగా చూస్తే, తండ్రికి తల్లి, పెద్దకొడుక్కి పెద్దకూతురు, నడిమివాడికి నడిమిది, చిన్నవాడికి చిన్నది. ఒకరిలో లేనిదంతా ఇంకొకరిలో ఉండటమే ఇక్కడ జత అనే మాటకు అర్థం.

దిక్కు అంటే నడినెత్తి చూసే దిక్కు, కాళ్లు చూసేది కాదు.

ఇక మన ఇళ్ల సంగతి. క్వా 9 వాళ్లకు ఉత్తరం అని ఉన్నా, ఉత్తరానికి తల పెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. గొడవ పెట్టుకోనక్కర్లేదు. 1, 3, 4, 9 వాళ్లకు తూర్పు, దక్షిణం, ఉత్తరం, ఆగ్నేయం నాలుగూ మంచివే. తూర్పుకో దక్షిణానికో తల పెడితే వాస్తుకీ సరిపోతుంది. 2, 6, 7, 8 వాళ్లకు పడమర, నైరుతి, వాయవ్యం, ఈశాన్యం. గోడలు తిన్నగా దిక్కులకు ఉన్న ఇంట్లో వీళ్లకు మిగిలేది పడమర ఒక్కటే. వాయవ్యం కోసమని మంచాన్ని ఐమూలగా తిప్పొద్దు. తల వెనక గోడ పోయి ఖాళీ ముక్కోణం మిగులుతుంది, వచ్చే లాభం కంటే నష్టమే ఎక్కువ. భార్యాభర్తల సంఖ్యలు ఈ రెండు గుంపుల్లో చెరొకదానిలో ఉంటే మంచం స్థానానికే ప్రాధాన్యం ఇవ్వండి. దిక్కు కుదరనివాళ్లు భోజనాల బల్ల దగ్గర తమ యాన్‌నియెన్ వైపు ముఖం పెట్టి కూర్చుంటే సరిపోతుంది.

నైరుతిలో ఏం పెట్టాలి

నైరుతి భూమి. నిప్పు భూమిని పోషిస్తుంది, చెట్టు భూమిని అణుస్తుంది, లోహం దాని సారాన్ని లాగేస్తుంది. కాబట్టి పసుపు, మట్టిరంగు, గులాబీ, కొద్దిగా ఎరుపు వాడండి. మట్టి కుండీలు జంటగా పెట్టి, దీపాలవేళ నుంచి పడుకునేదాకా పసుప్పచ్చని దీపం వెలిగించండి. సీసాలో మనీప్లాంటు, లక్కీ బాంబూ, ఇత్తడి గంటల తోరణాలు ఇక్కడి నుంచి తీసేయాలి. లక్కీ బాంబూ నిజానికి వెదురు జాతిది కాకపోయినా, పచ్చని మొక్క కనుక ధాతువు చెట్టే.

పెళ్లికానివాళ్లకు పూలు

పీచ్ పూల స్థానం అని ఒక పద్ధతి ఉంది. పుట్టిన ఏడాదిని 4తో భాగించండి. శేషం లేకపోతే పడమర, 1 అయితే దక్షిణం, 2 అయితే తూర్పు, 3 అయితే ఉత్తరం. ఫిబ్రవరి నియమం ఇక్కడా ఉంది. హాల్లో ఆ దిక్కున తాజా పూల కూజా పెట్టి రోజూ నీళ్లు మార్చండి. వాడిన పూలు అదే రోజు తీసేయాలి, లేకపోతే వచ్చే సంబంధాలూ అలాగే వాడిపోతాయంటారు. గులాబీలైతే ముళ్లు గిల్లేయండి. చవకగా దొరుకుతాయని తెల్ల, పసుపు చామంతులు పెట్టకండి. మనకవి పూజాపుష్పాలు, చైనాలో చావుకు పెట్టేవి.

చివరగా బాతులు. దాంపత్యానికి గుర్తుగా పెట్టే యువాన్‌యాంగ్ (మాండరిన్ బాతుల) జంటలో మగది రంగురంగులది, ఆడది గోధుమరంగుది. దుకాణాల్లో తరచూ ఒకే మూసలో పోసిన రెండు మగబాతులు అంటగడతారు, చూసి కొనండి. వీటికి బదులు చక్రవాకాల బొమ్మ పెట్టొచ్చనుకోవద్దు. మన కావ్యాల్లో అవి రాత్రయితే విడిపోయే జంట, పడకగదికి పనికిరావు. నైరుతిలోనో మంచం పక్క బల్ల మీదో ఒక్క జతే, రెండూ ఆనుకుని ఒకే వైపు చూసేలా పెట్టండి. ఒకటి విరిగితే రెండోదాన్ని ఒంటరిగా ఉంచకుండా జతను మార్చేయాలి.